క్షమ యెవరి సొత్తు?

గత ఆదివారము మా ప్రార్థనాలయములో ఒక యువబోధకుడు క్షమను గూర్చి ప్రసంగించుచు, అమెరికా అంతర్యుద్ధము ముగియుచున్న వేళ హెన్రీ వార్డ్ బీచరు సమ్టర్ కోటలో చేసిన ఉపన్యాసమును మనకందరకును ఆదర్శముగా చూపెను. ప్రసంగము గంటకు మించినది. దీర్ఘప్రసంగములతో నాకు గల పాతవైరము ఈ శీర్షికను చదువువారికి క్రొత్త గాదు. లింకను తన రెండవ ప్రమాణస్వీకారమునాడు యుద్ధపాపమునంతటిని ఇంచుమించు 700 మాటలలో తూచెననియు, మనకు ప్రకటనలు చదువుటకే అంత పట్టుననియు లోగడ వ్రాసి కొందరి యాగ్రహమునకు పాత్రుడనైతిని. అయినను ఈ చిరంజీవి ఇంకొక పావుగంట మాటలాడియుండిన బాగుండెడిదని నాకు తోచినది.

చెప్పినంతవరకు సత్యమే. 1865 ఏప్రిల్ 14న, నాలుగేండ్ల క్రిందట దించిన పతాకమునే ఆండర్సను సేనాని మరల నెగురవేయగా, బీచరు యుద్ధదోషమును దక్షిణదేశపు అధికారమదాంధుల తలపై మోపి, సామాన్యజనులయెడ కరుణ వహింపుడని వేడెను. ఆ రాత్రియే లింకను తుపాకిగుండునకు గురియయ్యెను.

బీచరు వట్టి మాటలపోగు కాడు. 1860లో, బ్రూక్లినునందలి తన ప్లిమత్ చర్చిలో, తొమ్మిదేండ్ల బానిసపిల్లను వేదికపై తనచెంత నిలిపి, ఈ బిడ్డ విడుదలకు 900 డాలర్లు కావలెనని చెప్పి, కానుకపళ్లెములు త్రిప్పించెను. నాణెములనడుమ ఒక స్త్రీ వ్రేలి యుంగరము పడినది. దానిని తీసి ఆ పసిదాని వ్రేలికి తొడిగి, నేటితో నీకు స్వేచ్ఛతో వివాహమైనదనెను. వేదికపై నాటకములాడుట నాకు గిట్టదు. కాని ఆ పూట సంఘస్థులు ధారపోసినది తమ సొమ్ము.

మన యువకుడు విడిచినది 1866వ సంవత్సరము. జూలై 30న న్యూ ఆర్లియన్సులో నల్లవారి ఓటుహక్కు నిమిత్తము కూడిన సభపై తెల్లమూకయు పోలీసులును విరుచుకొనిపడి పెక్కుమందిని చంపిరి. సరిగా నెల తిరుగునప్పటికి బీచరు క్లీవ్‌లాండు సభకు లేఖ వ్రాసి, ఓడిన రాష్ట్రములను జాగు సేయక కాంగ్రెసులో చేర్చుకొనవలెననియు, విముక్తుల క్షేమము కడకు పొరుగు తెల్లవారి సద్భావముననే యున్నదనియు వాదించెను. ఆయన సంఘస్థులే నివ్వెరపోయిరి. కొరడాదెబ్బలు తినినవారొకరు, క్షమించినవారు వేరొకరు. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లు.

యుద్ధానంతరము బోధకునకు లేపనము పూయుటకంటె వేరు పని లేదని నేనును చాలకాలముగా చెప్పుచువచ్చినవాడనే, ఇప్పుడట్లు చెప్పజాలను. జక్కయ్య కథ చూడుడు. అన్యాయముగా గైకొనినది నాలుగంతలుగా మరల నిచ్చెదనని అతడు పలికిన పిమ్మటనే ఆ యింటికి రక్షణ వచ్చినదను మాట వినబడును. దక్షిణదేశమున చెల్లింపు జరుగకపోలేదు గాని, అది తలక్రిందుగా జరిగినది: యుద్ధకాలమున షెర్మను సేనాని విముక్తులకు కేటాయించిన సముద్రతీరభూములను, లింకను వెనుక వచ్చిన జాన్సను అధ్యక్షుడు, బీచరు లేఖకు మునుపే, పాత దొరలకు మరల నిప్పించుచుండెను.