మైలురాళ్ల వెంట

హైదరాబాద్ నుంచి పంజాబ్‌లోని హుస్సేనీవాలా దాకా బండి మీద వెళ్లొచ్చానని చెప్తే అందరూ ముందు అడిగేది మైలేజీ ఎంతొచ్చిందని. ఆ తర్వాత నడుం నొప్పి గురించి. వాటికి జవాబు తేలికే. విమానంలో ఢిల్లీ చేరి, అక్కడ కారు మాట్లాడుకుంటే ఎర్రకోట, పానిపట్టు, జలియన్‌వాలాబాగ్ అన్నీ చూసి రావచ్చు కదా, దేనికింత అవస్థ అని అడిగేవాళ్లకి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

బళ్లో మనకి చరిత్ర పేరిట తేదీలు నేర్పారు, రాజుల పేర్లు నేర్పారు. దూరాలు నేర్పలేదు. ఝాన్సీకీ కాల్పీకీ మధ్య ఎంత నేలుందో, ఏప్రిల్‌లో అక్కడ ఎండ ఎలా కాస్తుందో తెలియకుండానే 1857 మీద పది మార్కుల జవాబు రాసేశాం. ఆ దూరాలు ఒంటికి పట్టాలంటే బండి ప్రయాణాన్ని మించింది లేదు. గేరు మార్చే పాదానికీ, క్లచ్ పట్టే వేళ్లకీ ప్రతి కిలోమీటరూ తెలుస్తుంది. నేల రంగు మారితే కంటికి తెలుస్తుంది, గాలి మారితే ఛాతీకి తెలుస్తుంది.

దారి కూడా కలిసొచ్చింది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి, దేశంలో అన్నిటికన్నా పొడవైనది, మన హైదరాబాద్ మీదుగానే పోతుంది. పెద్దవాళ్లు దీన్ని ఇంకా ఏడో నంబరు రోడ్డనే అంటారు. టోల్‌గేటు దగ్గర ఎడమ చివర ఒక సన్న దారి వదిలిపెడతారు, బైకు వాళ్లు రుసుం కట్టకుండా అందులోంచి పోవచ్చు. రెండు పక్కలా సంచులు కట్టిన బండికి ఆ దారి బొటాబొటీగా సరిపోతుంది. అందుకే సంచుల్ని హ్యాండిల్ వెడల్పు దాటకుండా కట్టుకోవాలి.

నిర్మల్, ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన ఎక్కితే మహారాష్ట్ర. నల్లరేగడి, పత్తి చేలు. సరిహద్దు మారింది గానీ నేల మారలేదు. ఇంకాస్త ముందుకెళ్తే హింగన్‌ఘాట్ వస్తుంది. నాగపూర్ త్వరగా చేరాలన్న ఆత్రంలో ఎవరూ ఆగని ఊరు. నేను ఆ ఊరి కోసమే ఆగాను. 1823 జనవరిలో విలియం లాంబ్టన్ చనిపోయింది ఇక్కడే. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల గీతని గొలుసుతో కొలిచి, దాన్ని ఆధారం చేసుకుని దేశం మొత్తాన్ని త్రిభుజాలుగా కొలుస్తానని బయల్దేరిన మనిషి. ఇరవై ఏళ్లు కొలుస్తూనే వచ్చాడు. చివరికి హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్తూ, మనం ఇవాళ చాయ్ తాగడానికి కూడా ఆగని ఈ ఊళ్లో, డెబ్బై ఏళ్లకి దగ్గరపడిన వయసులో ఊపిరి వదిలాడు.

ఆయన కొలత పరికరం థియోడలైట్ అర టన్ను బరువు. 1808లో తంజావూరు పెద్దగుడి గోపురం మీదికి తాళ్లతో లాగుతుంటే తాడు తెగి అది గోడకి కొట్టుకుంది. పరికరంలో ప్రాణం లాంటి ఇత్తడి చక్రం వంగిపోయింది. అది ఇంగ్లండు నుంచి వచ్చిన వస్తువు, అంతటిది దగ్గర్లో ఇంకోటి లేదు. లాంబ్టన్ గుడారంలో కూర్చుని, ఆరు వారాలపాటు ఆ చక్రాన్ని అంగుళం అంగుళం సరిచేసి మళ్లీ కొలవడం మొదలెట్టాడు. రోడ్డు పక్కన బండి చెయిన్ బిగించుకునేవాడికి ఈ కథ వేరే ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఆయన దగ్గర సహాయకుడిగా చేరి, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరాన పడి బతికి బయటపడిన జార్జ్ ఎవరెస్ట్ పేరు లోకమంతా తెలుసు. లాంబ్టన్ పేరు ఆయన సమాధి ఉన్న ఊళ్లో అడిగినా దారి చెప్పేవాళ్లు తక్కువే. హైవే మీద ఒక్క బోర్డయినా నాకు కనబడలేదు. ఉండాలి. మూడు భాషల్లో ఉండాలి, అందులో ఒకటి తెలుగై ఉండాలి. ఆ కొలతలు మన నేల మీద నుంచే నడిచి వెళ్లాయి.

ఆ పని గుర్తే నాగపూర్ నడిబొడ్డున ఉన్న జీరో మైలు రాయి. ఇసుకరాతి స్తంభం, పక్కన నాలుగు గుర్రాల బొమ్మలు. కింది రాయి మీద ఊళ్ల పేర్లూ మైళ్లూ చెక్కారు. హైదరాబాద్‌కి 318 మైళ్లని ఉంది. కిలోమీటర్లలో వేస్తే 512 దాకా వస్తుంది. అక్కడ నిలబడి బండి మీటరు చూసుకుంటే, ఎవరో ఎప్పుడో నా తరఫున ఈ దారంతా నడిచి పెట్టారనిపించింది.

వార్ధా పక్కనున్న సేవాగ్రామ్‌కి దారి కాస్త చుట్టు, అయినా వెళ్లండి. 1936లో గాంధీ ఈ ఊరికి మకాం మార్చినప్పుడు వార్ధా నుంచి నడిచే వచ్చాడు. బాపూ కుటీరంలో గోడ మీద మట్టితో తీర్చిన చెట్లూ రాట్నమూ ఉన్నాయి, గాంధీ శిష్యురాలు మీరాబెన్ చేతిపని. క్విట్ ఇండియా ఆలోచనకి రూపం వచ్చింది ఈ ఆవరణలోనే. అక్కడ కాసేపు నేల మీద కూర్చోవాలి. ఫొటో తీసుకుని లేచిపోతే వెళ్లీ ఫలం లేదు.

పెంచ్ అడవి దగ్గర రోడ్డుని పైకెత్తి కట్టారు, కింద నుంచి పులులూ జింకలూ దాటిపోవడానికి. మన హయాంలో కట్టినవాటిలో రేపటివాళ్లు మెచ్చుకునేది ఇదేననుకుంటాను. లఖ్‌నాదోన్ దగ్గర దారి చీలుతుంది, కుడికి జబల్‌పూర్, ఎడమకి సాగర్. అక్కడో ధాబాలో గుంటూరు మిర్చి లోడుతో వెళ్తున్న లారీ డ్రైవరు నా నంబరు ప్లేటు చూసి "అన్నా, మనోళ్లేనా? ఎందాకా?" అని పలకరించాడు. చెప్పాను. "ఝాన్సీ కోట కింద నుంచి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదన్నా. పైకెక్కింది మాత్రం లేదు. లోడు దింపితేనే గదా డబ్బులు" అన్నాడు. లేచేముందు ఒక మాట చెప్పాడు: "లారీని దాటేటప్పుడు పక్కనే ఉండిపోవద్దన్నా. డ్రైవరు అద్దంలో నీకు కనబడకపోతే నువ్వు ఆయనకి లేనట్టే." బండి నడపడం గురించి ఆ దారిలో నేను విన్న మాటల్లో విలువైనది అదే.

ఝాన్సీలో కడక్ బిజ్లీ ఫిరంగి పక్కన చాలాసేపు నిలబడ్డాను. దాన్ని పేల్చిన గులాం గౌస్ ఖాన్ సమాధి కోట లోపలే ఉంది. 1858 ఏప్రిల్ 4 రాత్రి రాణి లక్ష్మీబాయి కోట వదిలింది. కొడుకుని వీపుకి కట్టుకుని, ఒక పగలూ రాత్రిలో కాల్పీ చేరిందని చరిత్రకారులు రాస్తారు. ఇప్పటి రోడ్డు మీద అది దాదాపు 150 కిలోమీటర్లు. నేను నున్నటి తారు మీద, హెల్మెట్టూ మంచినీళ్ల సీసా పెట్టుకుని వెళ్లాను. ఒరాయ్ చేరేసరికి ఒళ్లు హూనమైంది. యమున దగ్గరపడేకొద్దీ నేలంతా కోతలు కోతలుగా లోయలు. గుర్రం మీద, చీకట్లో, వెనక తరుముతున్న దండు. రెండున్నర నెలలు తిరిగేసరికి గ్వాలియర్ దగ్గర యుద్ధంలో పోయింది. ఫూల్‌బాగ్‌లో ఆమె సమాధి దగ్గరికి వెళ్లేవాళ్లకి నా మనవి ఒకటే: ముందు కాల్పీ దారి చూసి రండి.

ఆగ్రా గురించి రాయను, అందరూ రాశారు. ఎర్రకోటలో మాత్రం ఒక సంగతి మరవకండి. 1858లో బహదూర్ షా జఫర్‌ని విచారించిందీ, 1945లో ఆజాద్ హింద్ ఫౌజు అధికారుల్ని విచారించిందీ ఈ కోటలోనే.

ఢిల్లీ దాటాక పానిపట్టు వైపు రోడ్డు వారన మొగలుల నాటి కోస్ మినార్లు కనబడతాయి. ముప్పై అడుగుల ఇటుక స్తంభాలు, కోసుకొకటి, అంటే మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరానికి ఒకటి. బండికి అది రెండు మూడు నిమిషాలు. ఎడ్లబళ్లతో, ఫిరంగులతో, కుటుంబాలతో కదిలే సైన్యానికి గంట పని. బీదర్‌కి ఆవల ఉద్గీర్ దగ్గర నిజాం మీద గెలిచి, 1760 మార్చిలో దక్కన్ నుంచి బయల్దేరిన మరాఠా సేనాని సదాశివరావు భావు సేన అలా కదిలిన సేనే. అంతకు ముందు నిజాం కొలువులో ఉన్న ఇబ్రహీం ఖాన్ గార్దీ ఫిరంగి దళం అందులో ఉంది. ఢిల్లీకి దారి మూసుకుపోయి, తిండి అందక, పానిపట్టులో రెండు నెలలకి పైగా మాడి, 1761 జనవరి 14న యుద్ధానికి దిగారు. ఆ మూడో పానిపట్టు యుద్ధంలో మరాఠాల ఓటమికి నేను చదివిన కారణాలన్నిటిలోకీ దూరమే పెద్దదని ఆ దారిలో నాకు గట్టిగా అనిపించింది.

అమృత్‌సర్‌లో బండి దూరంగా పెట్టి నడిచే వెళ్లాలి. 1919 ఏప్రిల్ 13న బ్రిటిష్ అధికారి డయ్యర్ వెంట తెచ్చిన సాయుధ కార్లు జలియన్‌వాలాబాగ్ సందులో పట్టలేదు, బయటే ఆగాయి. పట్టి ఉంటే మరతుపాకులు కూడా వాడేవాణ్నని ఆయనే విచారణలో ఒప్పుకున్నాడు. యాభై మంది సైనికులు 1,650 తూటాలు కాల్చారు. ప్రభుత్వ లెక్కలో మృతులు 379. ఆ ఇరుకు సందే అన్నిటికన్నా పెద్ద సాక్షి. 2021 మరమ్మతుల్లో దాని గోడలకి శిల్పాలు తొడిగారు. చరిత్రకారులు అభ్యంతరం చెప్పారు, నేను వాళ్ల పక్షమే. ఖాళీ గోడల్ని ఖాళీగా ఉంచాల్సింది.

హుస్సేనీవాలా ఫిరోజ్‌పూర్ దగ్గర, సట్లెజ్ ఒడ్డున, సరిహద్దుని ఆనుకుని ఉంది. 1931 మార్చి 23 సాయంత్రం లాహోర్ జైల్లో భగత్‌సింగ్, రాజగురు, సుఖ్‌దేవ్‌లని ఉరితీసి, జనానికి తెలియకుండా రాత్రికి రాత్రి దేహాల్ని ఇక్కడికి తెచ్చి కాల్చేశారు. విభజనలో ఈ చోటు పాకిస్తాన్‌కి పోయింది. 1961లో పన్నెండు ఊళ్లిచ్చి తిరిగి తెచ్చుకున్నాం. భగత్‌సింగ్‌తో కలిసి అసెంబ్లీలో బాంబు వేసిన బటుకేశ్వర్ దత్, 1965లో చనిపోయేముందు తనకీ అంత్యక్రియలు ఇక్కడే చేయమని కోరాడు. అలాగే చేశారు.

మీరూ వెళ్లాలనుకుంటే ఈ మాట గుర్తుంచుకోండి. నవంబరులో పంజాబ్ అంతా గడ్డి తగలబెట్టే పొగ, డిసెంబరు ఆఖరు నుంచి దట్టమైన పొగమంచు. రోజుకి మూడొందల కిలోమీటర్లు మించకుండా, చీకటి పడ్డాక బండి తీయకుండా, మార్చి మొదటి వారంలో హైదరాబాద్ నుంచి బయల్దేరండి. మార్చి 23న హుస్సేనీవాలాలో పెద్ద మేళా జరుగుతుంది, ఫిరోజ్‌పూర్ నుంచి ఆ రోజు ప్రత్యేకంగా రైలు వేస్తారు. ఆ రోజుకి అందుకోండి.