క్రీడావార్త: వర్ణన నుండి వివేచనకు

చూడనివారికి ఆటను చూపడం క్రీడావార్త తొలి బాధ్యత. 1983 జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వేపై 17 పరుగులకే 5 వికెట్లు కోల్పోయిన భారత జట్టును కపిల్‌దేవ్ అజేయమైన 175 పరుగులతో 266కు చేర్చాడు. ఆ ఇన్నింగ్స్‌కు వీడియో లేదు. స్కోరు పట్టిక అంకెలను నిలిపింది. వాటి మధ్యనున్న ఉత్కంఠను తరువాతి తరాలకు అందించినవి ప్రధానంగా పత్రికా కథనాలు, ప్రత్యక్షసాక్షుల జ్ఞాపకాలు.

2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాపై హైదరాబాదు ఆటగాడు వి.వి.ఎస్. లక్ష్మణ్ చేసిన 281 పరుగుల స్థితి వేరు. ప్రేక్షకులు దానిని టీవీలో చూశారు. బంతి కవర్ల మీదుగా వెళ్ళిందని వారికి మళ్ళీ చెప్పడం పునరుక్తి. లెగ్‌స్టంప్ బయట గరుకు నేలపై పడి తిరిగే షేన్ వార్న్ బంతిని అటు ఆడటం ఎందుకు సాహసమో వివరించినప్పుడే వార్తకు ప్రయోజనం సిద్ధిస్తుంది. ఈ విధంగా వీడియో రాకతో వార్తలో వర్ణన స్థానాన్ని వివేచన ఆక్రమించింది.

అయితే వర్ణనను పూర్తిగా విడిచిపెట్టడం నష్టదాయకం. కెమెరా చేరని కబడ్డీ, ఖోఖో పోటీలకు నేటికీ వార్తాకథనమే సాక్ష్యం. చూసిన ఆటను విశ్లేషించడానికే అలవాటుపడిన భాష, చూడని ఆటను చూపే శక్తిని కోల్పోతే ఆ క్రీడాకారుల చరిత్ర అంకెలకే పరిమితమవుతుంది.