తెర నల్లబడిన వేళ

ప్రాసెసరు వేగమును తయారీదారు విధించిన మేరకు మించి హెచ్చించుటను ఓవర్‌క్లాకింగు అందురు. 100 మెగాహెర్ట్జుల మూలవేగమును 45 చేత గుణించినచో 4.5 గిగాహెర్ట్జులగును, ద్వారకానగర్ దుకాణములలో విడిభాగములు కొని తమ కంప్యూటరును తామే కూర్చుకొను విశాఖ యువకులకు ఆ గుణకమును మెట్టుమెట్టుగా పెంచుట ఒక వ్యసనమైనది. ఆ ఉత్సాహము నాకును పరిచితమే. అయినను ఈ విద్యలో గురుస్థానమును నేను వేగమునకు గాక, అమరిక మార్చి మరల వెలిగించినప్పుడు ఫ్యాన్లు తిరుగుచుండగా తెర మాత్రము నల్లగా నిలిచిపోవు ఘడియకే యిచ్చెదను.

గాజువాక నుండి ఉక్కు కర్మాగారపు ఉద్యోగి కుమారుడొకడు అట్టి యంత్రమును మోసుకొనివచ్చి, "మామయ్యగారూ, మానిటరు పోయిందండీ" అని వాపోయెను. "మానిటరు సంగతి తరవాత బాబూ, ముందు బోర్డు మీద ఏ లైటు వెలుగుతోందో చూడు" అంటిని. సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అను నాలుగింటిలో మొదటిదే ఎఱ్ఱగా నిలిచియుండెను. ప్రారంభ పరీక్ష ముగియకమునుపే ప్రాసెసరు స్తంభించినచో తెరకు పంపవలసిన చిత్రమే పుట్టదు. దోషము కనబడు చోటు వేఱు, జనించిన చోటు వేఱు.

అప్పుడు చేయవలసినది స్వల్పమే గాని క్రమము తప్పరాదు. కరెంటు తీగ నూడదీసి, పవరు బటనును కొంతసేపు నొక్కిపట్టి లోపల నిలువయున్న విద్యుత్తును హరింపజేసి, రూపాయి బిళ్ళవంటి సీఆర్ 2032 సెల్లును గోటితో మీటి తీసి కొన్ని నిమిషములు ఆగవలెను. లేదా సెల్లు తీయుటకు మారుగా, అమరికలను దాచుకొను సీమాస్ జంపరు పిన్నులను రెంటిని కొన్ని సెకనులు కలుపవలెను. పెంచిన అంకెలు చెరిగి యంత్రము తన సహజస్థితికి వచ్చును. పిమ్మట డీడీఆర్ 5 బోర్డులు మెమరీని మొదటి నుండి సరిచూచుకొనుచు ఒక్కొక్కప్పుడు నిమిషములకొలది తెరను నల్లగానే యుంచును. అంతలోనే ఓర్పు నశించి స్విచ్చి కట్టివేయువాడు చక్కబడుచున్న పనిని తన చేతులారా చెఱచుకొనును.

మన నగరమున మఱియొక విషయము గమనింపదగియున్నది. ప్రాసెసరు గ్రహించు శక్తి వేగముతోపాటు, వోల్టేజి వర్గము ననుసరించియు పెరుగును గావున, కొలది వోల్టేజి చేర్చినను వేడి విశేషముగ పుట్టును. ఫ్యాను ఎంత గొప్పదైనను గదిలోని గాలి కంటె చల్లగా ప్రాసెసరును చేయజాలదు. అందుచేత డిసెంబరు రాత్రి నిశ్చలముగ నడిచిన అమరిక, మే నెల మధ్యాహ్నపు ఉక్కలో తడబడవచ్చును. ఒకసారి ఒక్క మార్పే చేసి, గంటలకొలది భారము మోపి పరీక్షించి, నిలిచిన పిదపనే రెండవదానికి పోవుట ఈ విద్యకు ప్రాణము.

కావున అంకె పెంచబోవు యువకుని నేను కోరునది యొక్కటే: ఇప్పుడున్న అంకెలను ముందుగా కాగితముపై వ్రాసికొని, నీ బోర్డుపై ఆ జంపరు ఎచ్చట నున్నదో వెలుతురుండగనే వెదకి యుంచుకొనుము. తిరిగి వచ్చు త్రోవ తెలిసినవాడు నిర్భయముగ ముందునకు పోవచ్చును.