ఇటుకల కొలువులో ఖాళీ మెట్టు

కిందటేడు జనవరిలో, డర్బన్‌లోని ఒక సభామందిరంలో, లెగో ఇటుకలతో పాత యుద్ధాలను కట్టే అభిరుచిగల మిత్రులు తమ పనితనాన్ని ప్రదర్శనకు ఉంచారు. మా సాయంకాలపు తెలుగు తరగతి పిల్లలను వెంటబెట్టుకొని మేమూ వెళ్ళాము. ఇటువంటి విషయం ఆలయపత్రికకు తగునా అని కొందరు అడుగవచ్చు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టుకొనే వారము గనుక, బొమ్మల మంచిచెడ్డలు చెప్పే అధికారం మనకు ఉన్నదనే అనుకొంటున్నాము.

అక్కడి బల్లలలో అన్నిటికంటె పెద్దది స్పియన్ కాప్ యుద్ధం. ఆ పేరుకు వేగు చూచే గుట్ట అని అర్థం. మన నేటాల్‌లోనే, లేడీస్మిత్ పట్టణానికి పడమట, టుగేలా నదికి ఆవలి ఒడ్డున ఉన్నది. 1900 జనవరి 23 రాత్రి, బోయర్ల ముట్టడిలో చిక్కిన లేడీస్మిత్‌ను విడిపించే ప్రయత్నంలో బ్రిటిషు సైన్యం ఆ కొండ ఎక్కింది. పొగమంచులో శిఖరం చేజిక్కిందనుకొని, రాతినేలలో లోతులేని కందకం త్రవ్వుకొన్నారు. మరునాడు మంచు విడిపోయాక చూస్తే కొండ అంచులు తమ చేతిలో లేవు. ప్రక్క గుట్టలనుండి బోయర్ల తుపాకులు తమవైపే గురిపెట్టి ఉన్నవి. ఆ కందకమే చివరకు సమాధి అయింది. తెల్లరాళ్ళు పేర్చిన ఆ పొడవాటి సమాధిని ఇప్పటికీ అక్కడ చూడవచ్చు.

కట్టినవారి శ్రద్ధను ముందుగా మెచ్చుకోవలె. రాతినేల అని అంతటా బూడిదరంగు ఇటుకలే పరచక, మధ్యమధ్య ఆకుపచ్చ ముక్కలు చల్లి, మన వేసవికాలపు జనవరి గడ్డిని చూపారు. కందకం లోతు బొమ్మమనిషి నడుము దాటలేదు. తెలిసినవారు చేసిన పని అది. మంచుకు దూది వాడలేదు. సన్నని కడ్డీలమీద పారదర్శకమైన తెల్లపలకలను నిలిపి, కొండను సగమే కప్పారు. మంచు తొలగే క్షణాన్నే వారు ఎంచుకొన్నారని చూడగానే తెలిసిపోతుంది. యుద్ధాన్ని కట్టేవారు సాధారణంగా పేలుడునూ పొగనూ ఎంచుకొంటారు. ప్రమాదం కనబడబోయే ముందు క్షణాన్ని ఎంచుకోవడానికి వివేకం కావలె.

ముఖాల విషయంలో ఆ వివేకం కొంత సడలింది. 1978లో ఈ బొమ్మమనిషి పుట్టింది మొదలు పదేళ్ళవరకు అందరికీ ఒకే చిరునవ్వు. కందకంలో ఒరిగినవారిలో కొందరికి ఆ పాత తలలే పెట్టారు. చూచినవారు నవ్వారు. కొత్త తలలకు డబ్బు ఖర్చవుతుంది, నిజమే. కాని చచ్చిపోయేవాడు నవ్వుతూ ఉంటే ఆ బల్ల యుద్ధం కాక ఆట అయిపోతుంది.

ఇక అసలు మాట. చుట్టూ ఉన్న మైదానంకంటె సుమారు 430 మీటర్లు ఎత్తైన కొండ ఆ బల్లమీద మూరెడయింది. తగ్గించక తప్పదు. అయితే తగ్గింది ఎత్తు మాత్రమే కాదు. కొండ దిగే దారి మొత్తం పోయింది. ఆ దారిన నడిచింది మనవారు.

1899 డిసెంబరులో ఏర్పడిన నేటాల్ భారతీయ అంబులెన్సు దళంలో సుమారు 1,100 మంది ఉండేవారు. అందులో సుమారు 300 మంది స్వతంత్రులు. తక్కినవారు ఒప్పందపు కూలీలు, మన ముత్తాతల వంటివారు. గాంధీగారు ఆ దళనాయకులలో ఒకరు. కాల్పుల హద్దుకు ఇవతలే పనిచేయాలన్నది మొదటి ఏర్పాటు. స్పియన్ కాప్ దగ్గర ఆ హద్దు దాటి వెళ్ళారు. గాయపడినవారిని మోస్తూ రోజుకు 20, 25 మైళ్ళు నడిచామని గాంధీగారు ఆత్మకథలో వ్రాశారు. పతకాలు నాయకులకు ఇచ్చారు.

బల్లమీద సైనికులున్నారు, గుర్రాలున్నవి, ఎడ్లబండ్లున్నవి. విలేఖరిగా వచ్చిన చర్చిల్‌కు ప్రత్యేకంగా పేరుపలక కూడ ఉన్నది. ఒక్క స్ట్రెచరు లేదు. లివర్‌పూల్ ఫుట్‌బాల్ మైదానంలోని కాప్‌కు ఈ కొండ పేరే వచ్చిందని మా పిల్లలకు తెలుసు. ఆ కొండకింద తెలుగువారూ తమిళులూ గాయపడినవారిని మోశారని తెలియదు.

దీనిలో ద్వేషం ఉన్నదని మేము అనము. కందకంలో శవాలు పడి ఉన్న ప్రసిద్ధ ఛాయాచిత్రాన్ని ముందు పెట్టుకొని కట్టారు. ఛాయాచిత్రం పడిపోయినవారిని చూపింది. అంతకుముందే మోసుకొనిపోయినవారిని ఎలా చూపుతుంది? మన కొలువులో పట్టాభిషేకం పై మెట్టున ఉంటే, క్రింది మెట్టున చెట్టీ చెట్టమ్మా పప్పుల రాసులముందు కూర్చుంటారు. వారు కనబడకపోతే అమ్మమ్మలు ఊరుకోరు.

మేమూ ఊరుకోలేదు. అడిగితే ఆ మిత్రులలో ఒకాయన, "చోటు చాలలేదండీ. దిగువ భాగం మీరు కట్టి తెండి, వచ్చే ఏడు కలుపుతాము" అన్నాడు. ఆ మాట పట్టుకొని మా తరగతి ఏడాదిపాటు శనివారాలు కట్టింది. ఈ జనవరిలో మా నాలుగు పలకలు ఆయన కొండకు చేర్చారు. మొదటి స్ట్రెచరు ముందు మనిషి మా పలకమీద, వెనుక మనిషి ఆయన పలకమీద నిలిచారు.

మా పని దోషాలు మేమే చెప్పుకోవలె. ఈ బొమ్మకు మోకాలు వంగదు, కదిలేది తుంటి మాత్రమే. బరువుతో కొండ దిగేవాడి నడకంతా మోకాళ్ళలోనే ఉంటుంది గదా! అందుచేత దారిని మెట్లుగా కట్టాము. తిరుమల మెట్లదారిలా ఉన్నదని ఒక తల్లి అన్నది, ఆమె మాట నిజం. విశాఖ మన్యంలో రోగిని మోసే డోలీ గురించి చెప్పినప్పుడు పిల్లలు అదే కడతామన్నారు. కఱ్ఱను భుజాన పెట్టడానికి ఆ చేతులు ఒప్పుకోలేదు. తలపాగాలు చాలక సగం మందికి టోపీలు పెట్టాము.

ఇరవై నాలుగు మంది మోసేవారిని నిలిపాము. చర్చిల్‌కు పేరుపలక ఉన్నప్పుడు వీరికి ఎందుకు లేదని పదేళ్ళ పిల్లవాడొకడు తన తాతగారి తాత పేరు తెలుగులో వ్రాసి ఒక బొమ్మ కాళ్ళదగ్గర అంటించాడు. ఆయన ఆ దళంలో ఉన్నట్లు వారి ఇంట ఏ కాగితమూ లేదు, ఎవరూ చెప్పుకోనూ లేదు. చరిత్రను సరిదిద్దబోయి మనమే కల్పన చేయరాదని పలక తీయించాము. వాడు మూడు వారాలు తరగతికి రాలేదు. నాలుగోవారం వచ్చి, ఆ బొమ్మకున్న నవ్వే తల తీసి, నవ్వులేని తల పెట్టి, తన స్థానంలో కూర్చుని పలక తీసుకొని గుణింతం వ్రాయసాగాడు.