కాలదోషము పట్టకమునుపు

గురజాలలో మా తాతగారి యినుపపెట్టెయందు ప్రామిసరీ నోట్లు రెండు కట్టలుగా నుండెడివి: ఎఱ్ఱదారము చుట్టినది పైన, తెల్లదారము చుట్టినది క్రింద. వ్రాసిన నాటినుండి మూడేండ్లు గడచిన నోటునకు కాలదోషము పట్టుననియు, ఆ లోపుగా బాకీదారు కొంత సొమ్మిచ్చి నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకము చేసినయెడల మఱల మూడేండ్లు లెక్కకు వచ్చుననియు పల్నాటిలో ఓనమాలు రానివారికిని తెలియును. తాతగారు ప్రతి యుగాదికిని కట్టలు విప్పి, ఆఱు మాసములకు మించి గడువులేని నోట్లను ఏరి ఎఱ్ఱదారపు కట్టలోనికి మార్చెడివారు. "పట్టినాక చూసుకొని ఏం లాభంరా, పట్టకముందు చూడాల" అనుట వారి వాడుక.

ఆ దారము పని నేడు నేను స్క్రిప్టుచేత చేయించుచున్నాను. మాచర్లలో మా బావగారికి విత్తనముల, పురుగుమందుల దుకాణము కలదు. వారి సరకు పట్టికకు జావాస్క్రిప్టులో నేను వ్రాసియిచ్చిన చిన్న స్క్రిప్టు ఒక్కొక్క వరుసను దాటుచు, గడువు గడిలోని తేదీని చదివి, దానిలోనుండి నేటి తేదీని తీసివేసి, మిగిలిన మిల్లీసెకండ్లను ఒక దినమునకు సరిపడు 8,64,00,000 చేత భాగించి, ఫలము 30కి లోబడినచో ఆ వరుసకు ఎఱుపును, 90కి లోబడినచో పసుపును పూసి, తక్కిన వరుసలను తెల్లగా విడిచిపెట్టెడిది. పట్టుమని పాతిక పంక్తులు లేని పని యగుటచే, దానిని మఱల పరీక్షింపవలెనను తలంపే నాకు కలుగలేదు.

2024 ఆగష్టు 14వ తేదీ ఉదయమున దుర్గి వైపునుండి వచ్చిన రైతొకరు పది గ్రాముల మిరప విత్తనపు పొట్లమును వెలుతురునకు పట్టి, సన్నని అచ్చును వ్రేలితో తడవుచు చదివి, "ఏమయ్యా, దీని డేటు నిన్నటితోనే అయిపాయె గదా" అని బల్లమీద పెట్టిరి. బావగారు తెర చూచిరి. ఆ వరుస మల్లెపువ్వువలె తెల్లగా నున్నది.

ఆ రాత్రి కూర్చుండి చూడగా దోషము బయటపడెను. మనము దినము ముందు, మాసము వెనుక వ్రాయుదుము. బ్రౌజరు అమెరికావారి రీతిని మాసమును ముందు చదువును. 05/08 అనినచో మే 8 అని గ్రహించును. 13/08 అనినచో పదుమూడవ మాసము లేదు గనుక అది తేదీయే కాదని నిశ్చయించుకొనును; కాని ఆ మాట పైకి చెప్పదు. తేదీ కానిదానిని దేనితో పోల్చినను తక్కువ యని తేలదు గనుక వరుసకు రంగు పడదు. అనగా నా పట్టికలో తెలుపునకు రెండర్థము లుండెను: ఇంకను చాల గడువున్నదని యొకటి, నాకు చదువ రాలేదని యొకటి. ఈ రెండును ఒకే రంగున నుండుట నేను చేసిన తప్పు. విత్తనమునకు పరీక్ష జరిగిన దినము మొదలు 9 మాసములే గడువిచ్చుట ఊరక కాదు. మొలక చచ్చినచో పోవునది పొట్లము వెల కాదు, నారు అదను.

ఇప్పుడు తేదీని దినము, మాసము, సంవత్సరముగా విడదీసి నేనే అందించుచున్నాను. చదువరాని వరుసకు ఊదారంగు వేసి అన్నిటికంటె పైన నిలుపుచున్నాను. 1995లో బ్రెండన్ ఐక్ పది దినములలో రూపొందించిన యీ జావాస్క్రిప్టు భాష మాసములను సున్న మొదలు లెక్కించు పద్ధతిని జావానుండి తెచ్చుకొన్నది. జనవరి సున్న, ఆగష్టు ఏడు. ఎందఱినో తికమకపెట్టిన యీ లెక్క ఒకచోట నాకు వరమైనది. మనుష్యుల మందుల అట్టలపై నెలయు సంవత్సరమును మాత్రమే యుండును. మన నిబంధనల ప్రకారము ఆ నెల చివరి దినము దాక మందు చెల్లును. అట్టమీది నెల అంకెను ఉన్నదున్నట్లు ఇచ్చి, దినమునకు సున్న పెట్టినచో, పై నెలకు ఒకటవ తేదీకి ముందటి దినము, అనగా మనకు వలసిన నెలాఖరే వచ్చును. నరసరావుపేటలో ఒక మందుల కొట్టువారికి ఇట్లే వ్రాసియిచ్చితిని.

అయినను, రంగు వేయవలసినది గడువు దినమునుబట్టి కాదని నాకు తోచుటకు మఱియొక యేడు పట్టినది. అక్టోబరు చివర గడువు తీఱు పత్తి విత్తనము జులైలో తెల్లగా నుండి ప్రయోజనమేమి? విత్తు అదను దాటినపిదప దానిని కొనువాడెవ్వడు? అందుచే ఇపుడు ప్రతి సరకునకు "పనికివచ్చు కడపటి దినము" అను వేఱొక గడి చేర్చి, లెక్క దానినుండి సాగించుచున్నాను. దుకాణములో పనిచేయు కుఱ్ఱవానికి ఎఱుపు ఆకుపచ్చల భేదము తెలియదు. అతని కొఱకు రంగు ప్రక్కనే మిగిలిన దినముల అంకెను పెద్దదిగా చూపుచున్నాను. బావగారును ఇపుడు రంగును వదలి అంకెనే చూచుచున్నారు.

నేటి ఉదయము పై వరుసలో 38 అని యున్నది. బావగారు ఆ సరకును వాపసు తీసికొని పొమ్మని కంపెనీ మనిషికి ఫోను చేయుచున్నారు.