భారత్, చైనా ఆరోగ్య వ్యవస్థలు: డ్రెజ్, సేన్ పోలికపై ఒక పరిశీలన

రెండు దేశాల ఆరోగ్య వ్యవస్థలను పోల్చేముందు, వాటిలో దేన్ని పోలుస్తున్నామో తేల్చుకోవాలి. జాన్ డ్రెజ్, అమర్త్య సేన్ 2013లో ప్రచురించిన 'యాన్ అన్‌సర్టెన్ గ్లోరీ' గ్రంథంలో ప్రధానంగా పోల్చింది ప్రభుత్వ వ్యయాన్ని. స్థూల దేశీయోత్పత్తిలో ఆరోగ్యంపై ప్రభుత్వ ఖర్చు భారత్‌లో 1.2 శాతం కాగా, చైనాలో 2.7 శాతమని వారు చూపారు.

అయితే ఈ అంకెలకన్నా విలువైనది, చైనా చేసిన తప్పును వారు వివరించిన తీరు. కమ్యూన్ల కాలంలో సహకార వైద్య పథకం, 'బేర్‌ఫుట్ డాక్టర్లు' కలిసి దాదాపు 90 శాతం పల్లె ప్రజలకు ఎంతో కొంత రక్షణ కల్పించారు. 1979 తరువాతి సంస్కరణల్లో కమ్యూన్లు రద్దయ్యాయి. వాటితోపాటే పథకానికి నిధులూ పోయాయి. కొద్ది సంవత్సరాల్లోనే ఆ రక్షణ 10 శాతం దరిదాపులకు పడిపోయింది. ఆదాయాలు వేగంగా పెరుగుతున్న రోజుల్లోనే ఇది జరిగిందని గమనించండి. 2003లో కొత్త గ్రామీణ సహకార వైద్య పథకం మొదలైంది. అదే ఏడాది సార్స్ వ్యాధి వ్యవస్థ బలహీనతలను బయటపెట్టింది. 2011 నాటికి 95 శాతానికి పైగా జనాభా బీమా కిందికి వచ్చింది.

ఇక్కడే గ్రంథకర్తలతో కొంత విభేదించవలసి వస్తుంది. బీమా కార్డు రావడం వేరు, బిల్లు తగ్గడం వేరు. చైనా ప్రభుత్వ ఆసుపత్రులు మందుల కొనుగోలు ధరపై 15 శాతం కలిపి రోగులకు అమ్ముకునేవి. ప్రభుత్వ నిధులు చాలని ఆసుపత్రికి మందుచీటీయే ఆదాయం. అందువల్ల అవసరానికి మించి ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్ మందులు రాసే అలవాటు పెరిగింది. 2009లో మొదలుపెట్టి, 2017కు గాని ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలో ఈ పద్ధతిని తొలగించలేకపోయారు. ఖర్చు ఎవరు భరిస్తున్నారన్న ప్రశ్నకు ఇచ్చినంత చోటు, ఆసుపత్రి దేనిమీద సంపాదిస్తోందన్న ప్రశ్నకు ఈ గ్రంథం ఇవ్వలేదు.

జవాబు అదే గ్రంథంలో, వేరొకచోట ఉంది! తమిళనాడు 1990ల మధ్య నుంచి ఒక ప్రభుత్వ సంస్థ ద్వారా మందులు మూకుమ్మడిగా కొని, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తోంది. ఆ రాష్ట్రాన్ని డ్రెజ్, సేన్ మెచ్చుకున్నారు. ఆ అనుభవాన్ని చైనా పక్కన పెట్టి చూసి ఉంటే పోలిక మరింత పదునెక్కేది. ప్రైవేటు ఆసుపత్రుల మీద నడిచే బీమా పట్ల వారి అనుమానం సరైనదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా పెద్ద శస్త్రచికిత్సల ఖర్చు భరించింది. మధుమేహానికి, రక్తపోటుకు నెలనెలా దుకాణంలో కొనే మాత్రల ఖర్చు మాత్రం రోగి జేబుకే మిగిలింది.

అభ్యాసం: మీ ఇంటి గత సంవత్సరపు వైద్య ఖర్చును ఆసుపత్రిలో చేరినందుకు ఎంత, బయట మందులకు ఎంత అని విడదీసి రాయండి.