ఎన్ని వాట్లు?

గడచిన ఆదివారము మా వీథి మొగను రెండు డీజిలు జీపులు, బంపరు మొదలు పైగుడ్డవఱకు నల్లరేగడి మెత్తుకొని, వచ్చి నిలిచినవి. వానిలోని పిల్లలు మా బంధువర్గములోనివారే. కాలువకట్ట దిగి గుట్టల వెనుకనుండి చుట్టివచ్చు ఉత్సాహమున బయలుదేరి, నడుదారిలో వెనుకబండి దిగబడగా, ముందుబండివారు ఆ సంగతి తెలియక చాలదూరము సాగిపోయి, తుదకు వెదకికొనుచు మరలివచ్చిరట. రెండు బండ్లలోను ఆన్‌లైను అంగడిలో కొన్న సరిక్రొత్త వాకీటాకీలు ఉన్నవి. "మామా, ఎనిమిది వాట్ల సెట్టు ఇది. గుట్ట మలుపు తిరిగితే చాలు, ఉలకదు పలకదు. పది వాట్లది తెప్పించేదా?" అని వారిలో పెద్దవాడు నన్నడిగెను. నాకు కోపము వచ్చినది ఆ సెట్టుమీద కాదు, ఆ కడపటి ప్రశ్నమీద.

ఈ శీర్షికను ఎడతెగక చదువువారు నా మొండిపట్టులను ఎఱుగుదురు. రేగడిలో వెడల్పు టైరు పనికిరాదనుట ఒకటి. జీపు నెత్తిన దీపాల పట్టీ బిగించువానిని ఊరిలోనికి రానీయరాదనుట మఱియొకటి. రేడియోకు బలము వాట్లలో లేదు, ఎత్తులో ఉన్నదనుట అన్నింటికంటె పాతది. దూరము రెట్టింపు కావలెనన్నచో, నడుమ ఏ అడ్డును లేని బయలునందు సైతము శక్తి నాలుగింతలు కావలెను గనుక, ఎనిమిదిని పది చేసినందువలన కలుగు ఫలము బ్యాటరీ త్వరగా దిగిపోవుట తప్ప వేఱొండు లేదు. ఎత్తు సంగతి అట్టిది కాదు. భూమి గుండ్రముగా నుండుటచే, నేలకు 2 మీటర్ల ఎత్తున ఆంటెన్నాలున్న రెండు జీపులు చదును నేలమీద సుమారు 12 కిలోమీటర్లు ఎడమైన పిదప ఒకదానికొకటి మఱుగుపడును. అందొకటి 100 మీటర్ల గుట్ట నెక్కెనేని ఆ హద్దు 45 కిలోమీటర్లు దాటును.

గుట్ట యెక్కుట మన తెక్కలకోట ఊరివారికి క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు. 1963 మొదలు 1965 వఱకు పుణె డెక్కన్ కళాశాల పక్షమున ఎం. ఎస్. నాగరాజరావుగారు మన గుట్టలమీద త్రవ్వించి చూడగా, నవీన శిలాయుగపు మానవులు ఈ బండల నడుమ నేల చదును చేసికొని, గుండ్రని గుడిసెలు వేసికొని, తరతరములు కాపురముండిన జాడలు బయల్పడినవి. కాళ్లక్రింద ఇంత సారవంతమైన రేగడి పఱచియుండగా, నీళ్లు క్రిందనుండి మోసికొనుచు ఱాళ్లలో బ్రతికిన ఆ జనులను తలచినప్పుడెల్ల నాకు బళ్లారి చేరువనున్న సంగనకల్లు, కుప్పగల్లు గుట్టలు జ్ఞప్తికి వచ్చును. అచట నల్లని డోలరైటు బండలు కొన్ని, గట్టి ఱాతితో కొట్టినచో, గుడిగంటవలె మ్రోగును. తరతరములుగా కొట్టుటచే వానిమీద గిన్నెలవంటి గుంటలు పడియున్నవి. 1892లో హ్యూబర్ట్ నాక్స్ అను ఆంగ్లేయుడు కుప్పగల్లు గుట్టను లోకమునకు తెలిపెను; 2004లో నికోల్ బోయివిన్ అను పురాతత్త్వవేత్త 'యాంటిక్విటీ' పత్రికలో ఆ మ్రోతను గూర్చి వ్రాసి, దానిని ప్రాచీనుల పూజాదికములతో ముడివెట్టినది. క్వారీవారి సమ్మెట ఆ బండల దాపునకే వచ్చినదని ఆమె వాపోయినది కూడ.

నేను పాఠశాలలో చదువుకొనుచుండగా మా చరిత్రోపాధ్యాయులు మమ్ము అచటికి తీసికొనిపోయి, ఒక కుఱ్ఱని బండయొద్ద నిలిపి, తక్కినవారిని క్రిందికి పంపిరి. పొలములలో నిలిచినవారికి ఆ మ్రోత స్పష్టముగా వినబడినది. గుట్ట ఆవలి మొగమునకు చుట్టి వెళ్లిన నలుగురికి మాత్రము ఏమియు వినబడలేదు. వారు, వాడు కొట్టనే లేదని తగవులాడిరి. బండ అదియే, కొట్టినవాడును వాడే. ఆనాడు మాలో ఎవడును వాని కండబలమెంత అని అడిగినవాడు కాడు. రేడియో తరంగములకును ధ్వనితరంగములకును భేదము బహుళమని భౌతికశాస్త్రము చదివిన పాఠకులు ఉత్తరములు వ్రాయుదురుగాక. గుట్ట అడ్డుపడుట మాత్రము రెండింటికిని సమానమే.

పిల్లల జీపులకడకు వత్తము. వారికి దోషము సెట్టులో కనబడినది; నాకు సెట్టు తప్ప తక్కిన సమస్తమునందును కనబడినది. గుడ్డపైకప్పునకు అయస్కాంతము అంటదు గనుక ఆంటెన్నాను బానెట్టు చివర అంటించి, దాని కేబులును తలుపు సందునుండి లోనికి లాగి, తలుపు వేసిన ప్రతిసారియు దానిని నలుగగొట్టుచున్నారు. అరమీటరు పొడవుగల ఆ ఆంటెన్నా తన క్రింద నలుదెసల లోహపు రేకు ఉన్నప్పుడే చక్కగా పనిచేయునుగాని, రేకు అంచున నిలిపినచో ఒకవైపే పలికి వేఱొకవైపు మొగము చాటువేయును. కనెక్టరును వ్రేళ్లతో త్రిప్పగా వైరు ఊడి చేతికి వచ్చినది. టంకము సరిగా కరగనే లేదు. దానిని మరల అతికి ఎస్‌డబ్ల్యుఆర్ మీటరు తగిలింపగా ముల్లు 3 చూపెను. అనగా పంపిన శక్తిలో నాల్గవవంతు ఆంటెన్నా కొసనుండి మరలి సెట్టుమీదికే వచ్చుచున్నదన్నమాట. ఒకటిన్నర లోపున ఉన్నచో నిశ్చింత. 3 దాటినచో సెట్టు తన్ను తాను కాల్చుకొనవచ్చును. ఇట్టి చిల్లికుండలో ఎనిమిది బిందెలు పోసిననేమి, పది పోసిననేమి?

అయినను ఆ దినపు అసలు దొంగ వీనిలో ఏదియు కాదు. నేను ఊరక అడిగితిని: దిగబడిన బండిలో ముందువారి మాటలు వినవచ్చినవా? వినవచ్చినవట; వారు పాడిన పాటలు కూడ వినవచ్చినవట! వీరి మొఱ మాత్రము వారికి చేరలేదు. ముందుబండి సెట్టును తీసి, ప్రక్కనున్న మానిటరు మీట నొక్కిపట్టగా, వెనుకబండి కుఱ్ఱని గొంతు మా వాకిటనే ఖంగుమని మ్రోగినది. ఆ సెట్టులో ఎవరో వినికిడివైపు టోను ఒకటి పెట్టియుంచిరి. ఆ టోను కలిపి పంపిన మాటనే అది పైకి వదలును, తక్కిన మాటలను గుట్టుగా మ్రింగివేయును. ఊరు దాటకమునుపు ఒక్కమాఱు ఇరుపక్షములు పలుకరించుకొన్నచో ఈ గుట్టమీద నింద పడకపోవును.

కావున వెదకుటకు వరుస ఒకటి కలదు. మొదట టోను, ఛానెలు మొదలైన సెట్టింగులు. తరువాత ఆంటెన్నా, దాని క్రింది లోహము, కేబులు, కనెక్టరు, ఎర్తు. ఆ వెనుక బ్యాటరీనుండి ఫ్యూజుతో నేరుగా వచ్చు వైరు. ఇవన్నియు నిర్దోషములని తేలినపుడే సెట్టును అనుమానింపవలెను.

ఇక చట్టము. లైసెన్సు లేక వైర్‌లెస్ యంత్రమును దగ్గఱ నుంచుకొనుటయే నేరమని 1933 నాటి శాసనమే పలికినది. ఇట్టి సెట్లను ఎడాపెడా అమ్ము ఆన్‌లైను అంగళ్లకు 2025లో కేంద్ర వినియోగదారుల సంరక్షణ ప్రాధికార సంస్థ ప్రత్యేకముగా మార్గదర్శకములు విధించినది. పిల్లల సెట్టు పలుకు 144–146 మెగాహెర్ట్జ్ భాగము పరీక్ష నెగ్గిన హామ్‌లది, అనగా అమెచ్యూర్ రేడియోవారిది. ఆ విద్యమీద నాకు గౌరవము మెండు. 1983లో హైదరాబాదున వెలసిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థను, 2004 సునామీ దినములలో పోర్ట్ బ్లెయిర్‌నుండి హామ్ సెట్టుమీద వార్తలందించిన భారతీ ప్రసాద్‌గారిని ఈ శీర్షికలో పలుమాఱులు కొనియాడితిని. కావున పిల్లలను పరీక్షకు కూర్చొండని చెప్పి ముగింతునని పాఠకులు తలంతురు.

చెప్పను. ఒకడు పరీక్ష నెగ్గిన చాలదు. రెండవ బండిలో మైకు పట్టువాడును నెగ్గవలెను, వాడు నిద్రించినపుడు పట్టు వాని బావమఱదియు నెగ్గవలెను. 2018 నిబంధనలతో లైసెన్సు అక్కఱలేకుండ పోయిన 446 మెగాహెర్ట్జ్ చిన్నసెట్లు, బండి దిగి చక్రముల ముందు నడచుచు దారి చూపువాని చేతికి చాలును. ఇనుపబండి లోపలనుండి వాని గొంతు దూరము పోదు. జీపునకు తగినది, వాడుకపోయినదని నలుగురును నవ్వు 27 మెగాహెర్ట్జ్ సిటిజన్ బ్యాండే. 2005నుండి మన దేశమున 26.957 మొదలు 27.283 వఱకు 5 వాట్లు మించకుండ ఎవరైనను లైసెన్సు లేక మాటలాడవచ్చును. దానికి చెడ్డపేరు వచ్చుటకు ముఖ్యకారణము పెట్రోలు ఇంజనులోని స్పార్కుల రొద. మన డీజిలు జీపులకు స్పార్కే లేదు. దాని దీర్ఘతరంగము తుమ్మపొదలను, చిన్న మిట్టలను పొట్టితరంగముకంటె సులువుగా దాటును. అమెరికా లెక్కన 40 ఛానెళ్లున్న సెట్టు కొన్నచో మన హద్దులో ఇముడునవి మొదటి 27 మాత్రమే. ఇంజను వేగముతోపాటు పెరుగు ఈల వినబడినచో ఆల్టర్నేటరును, ఎడతెగని గరగర వినబడినచో ఫోను ఛార్జరును, నెత్తిమీది దీపాల పట్టీని ఆర్పి చూడవలెను. పట్టీ విషయమున నేను ఇక ఏమియు అనను.

ఆ తరంగమునకు పూర్తి ఆంటెన్నా 2.75 మీటర్లు, చుట్ట వేసిన పొట్టిది మీటరున్నరలోపున దొరకును. పొడవుదే మేలుగా పలుకును గాని, పొట్టిదే కొనుడు. మన వరిమళ్లమీద పంపుసెట్లకు పోవు కరెంటు తీగలు ఎంత క్రిందికి వ్రేలాడుచుండునో మీకు తెలియనిది కాదు. గట్టు ఎక్కకమునుపు ఆంటెన్నాను వంచి కట్టివేయుడు.